జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ రాయాలా? రాస్తే మొటిమలు ఇంకా పెరగవా?

తెనాలి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నాకు 24 ఏళ్లు, సొంతూరు తెనాలి. ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఉద్యోగం, కొండాపూర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటున్నా. ఇంటర్‌లో మొటిమలు బాగా వచ్చేవి, బీటెక్ అయ్యేసరికి వాటంతట అవే తగ్గిపోయాయి. ఇక్కడికి వచ్చిన మూడు నాలుగు నెలలకి మళ్లీ మొదలయ్యాయి. ఈసారి బుగ్గల కింది భాగం, గడ్డం, ముఖ్యంగా స్కూటీ మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ పట్టీ ఒరుసుకునే చోట.

పొద్దున ఎనిమిదింటికి శుభ్రంగా కడుక్కుని బయల్దేరితే పదకొండు కల్లా ముక్కు, నుదురు మెరిసిపోతుంటాయి. టిష్యూ అద్దితే మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టిన కాగితంలా అవతలి వైపు కనిపిస్తుంది. అందుకని రోజుకి ఐదారుసార్లు వేపాకు ఫేస్‌వాష్‌తో కడుగుతున్నా, ఆఫీసులోనే రెండు సార్లు. వారానికి రెండుసార్లు స్క్రబ్. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా శెనగపిండిలో పసుపు, నిమ్మరసం కలిపి రాయమంటుంది, రెండుసార్లు రాశాను, రెండోసారి మంట తట్టుకోలేక మధ్యలోనే కడిగేశా.

ఇప్పుడు పరిస్థితి ఏంటంటే ముక్కు పక్కన, నోటి చుట్టూ పొట్టు లేస్తోంది. కడిగిన వెంటనే ముఖమంతా బిగుసుకుపోతుంది, నవ్వితే చర్మం లాగినట్టు ఉంటుంది, అయినా గంటన్నరకి మళ్లీ జిడ్డే. పొట్టు, జిడ్డు రెండూ ఒకే ముఖం మీద ఎలా ఉంటాయో నాకు అర్థం కావడం లేదు. రూమ్మేట్ ఏమో మాయిశ్చరైజర్ రాయి అంటోంది. నూనె కారుతుంటే దానిమీద ఇంకా క్రీము ఏంటని భయం. ఒకసారి తన దగ్గరున్న చలికాలం క్రీము, గట్టిగా తెల్లగా ఉండేది, రాసి చూశా, నాలుగైదు రోజులకి నుదుటి మీద తెల్లటి గుల్లలు లేచాయి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో హాస్టల్ దగ్గర మెడికల్ షాపులో మొటిమలకి ఏదైనా ఇవ్వమని అడిగితే ఒక క్రీము ఇచ్చి రాత్రిపూట రాయమన్నారు. వారంలో మొటిమలు అణిగిపోయాయి, ముఖం రంగు కూడా తేలింది, అందరూ ఏం వాడుతున్నావని అడిగారు. రెండు నెలలు వాడా. ట్యూబ్ అయిపోయాక మళ్లీ కొనలేదు, పది రోజుల్లో ముందున్న దానికి రెట్టింపు వచ్చాయి. ఎండలోకి వెళ్తే ముఖం ఎర్రబడి మండుతోంది. మళ్లీ అదే కొనాలా అని కూడా ఆలోచిస్తున్నా.

అసలు నాలాంటి చర్మానికి మాయిశ్చరైజర్ అవసరమా? అవసరమైతే ఎలాంటిది చూసి కొనాలి? నెలకి 500 దాటకూడదు, ఇంటికి డబ్బు పంపాలి. ఆఫీసులో వీడియో ఆన్ చేయమంటే చాలు, టెన్షన్ వచ్చేస్తోంది, నెట్ బాలేదని చెప్పి తప్పించుకుంటున్నా. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.


గోదారి_గట్టు:

చెల్లీ, నీ పోస్టు చదువుతుంటే ఆరేళ్ల కిందటి నా ముఖమే కళ్ల ముందు కనిపించింది. ముందు నీ ప్రశ్నకి సూటిగా జవాబు: రాయాలి. జిడ్డు చర్మానికి కూడా మాయిశ్చరైజర్ కావాలి, కాకపోతే నువ్వు రాసిన చలికాలం క్రీములాంటిది కాదు.

జిడ్డు, తడి ఒకటే అనుకుంటాం, తేడా అక్కడే వస్తుంది. జిడ్డు అంటే చర్మం లోపలి గ్రంథుల్లో ఊరే నూనె. అది ఎంత ఊరాలో ఎక్కువగా హార్మోన్లు చెప్తాయి, రోజుకి ఎన్నిసార్లు కడిగావో ఆ గ్రంథికి పట్టదు. తడి అంటే చర్మం పైపొరలో ఉండే నీళ్లు. నువ్వు ఐదారుసార్లు నురగ పెట్టి కడిగినప్పుడు పైనున్న నూనెతోపాటు, ఆ నీళ్లని లోపల పట్టి ఉంచే కొవ్వులు కూడా కొట్టుకుపోతాయి. గంటన్నరలో నూనె మళ్లీ ఊరుతుంది, పోయిన తడి అంత తొందరగా రాదు. నీ ముఖం మీద పొట్టు, జిడ్డు కలిసి ఉండటానికి కారణం అదే, నీకేదో వింత జబ్బు వచ్చిందని కంగారుపడకు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పైపొర అలా దెబ్బతిని ఉన్నప్పుడు మొటిమలకి ఏ మందు రాసినా మండుతుంది, మండితే మానేస్తాం, మానేస్తే తగ్గవు, తగ్గలేదని ఇంకో మందు కొంటాం. నేను మూడేళ్లు అలాగే తిరిగాను, బీరువాలో ఒక అర నిండా సగం వాడిన ట్యూబులే.

ఈ రోజు నుంచే కడగడం రెండుసార్లకి తగ్గించు. పొద్దున ఒకసారి, ఇంటికి వచ్చాక ఒకసారి. బాగా చెమట పడితే ఉత్త నీళ్లతో కడుక్కో, చాలు. మధ్యాహ్నం జిడ్డుకి టిష్యూ మెల్లగా అద్దుకో, రుద్దకు. స్క్రబ్ ఆపేయ్. ముక్కు మీది నల్ల చుక్కలు మురికి కాదు, రంధ్రంలో పేరుకున్నది గాలి తగిలి నల్లబడుతుంది, ఎంత తోమినా పోదు, చుట్టూ ఉన్న చర్మం గీరుకుపోతుంది. అమ్మకి నొప్పి కలగకుండా చెప్పుకో కానీ నిమ్మరసం మాత్రం ముఖానికి వద్దు. చర్మం పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5 ఉంటుంది, నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, పైగా అది రాసుకుని ఎండలోకి వెళ్తే మచ్చలు పడతాయి, ఒక్కోసారి బొబ్బలు కూడా.

మీ హాస్టల్లో బోరు నీళ్లే కదా? కొళాయి చుట్టూ తెల్లగా పేరుకుంటోందా, సబ్బు నురగ రావడం లేదా? అలాగైతే మామూలు సబ్బు అసలు వద్దు. ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పిప్పిలా తయారవుతాయి, బకెట్ అంచున పట్టే తెట్టు ఉంటుందే, అలాంటిదే ముఖం మీద సన్నగా పట్టేస్తుంది. సబ్బు పీహెచ్ కూడా 9, 10 దాకా ఉంటుంది. నురగ తక్కువ వచ్చే, వాసన లేని క్లెన్సర్ తీసుకో. కడిగాక ముఖం గిన్నె తోమినట్టు కిర్రుమనకూడదు. ఆ శబ్దం వస్తే శుభ్రమైందని సంతోషపడేదాన్ని నేను.

ఇక మాయిశ్చరైజర్. షాపులో డబ్బా ముందు వైపు చూడకు, వెనక్కి తిప్పు. జెల్ అని గానీ, జెల్ క్రీమ్, లైట్ లోషన్ అని గానీ ఉన్నవి నీకు సరిపోతాయి. పదార్థాల పట్టికలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాస్తారు కదా, నీళ్ల తర్వాత మొదటి నాలుగైదు పేర్లలో గ్లిజరిన్ ఉందేమో చూడు. గ్లిజరిన్ చాలా చవక, తడిని పట్టి ఉంచడంలో ఖరీదైనవాటికి ఏమాత్రం తీసిపోదు. డైమెథికోన్ ఉంటే భయపడకు, అది సిలికాన్, రంధ్రాలు మూయదు, తడి ఆవిరి కాకుండా పైన పలచగా కాపు కాస్తుంది. నయాసినమైడ్, అంటే విటమిన్ బి3 రకం, ఉంటే మంచిదే, 4, 5 శాతం చాలు. 10 శాతం సీరమ్ అని ఊరిస్తారు, నీ ముఖం ఇప్పుడున్న స్థితిలో అది మంట పుట్టించొచ్చు. సెరమైడ్లు, అంటే చర్మంలో తడిని పట్టి ఉంచే కొవ్వులు, ఉంటే ఇంకా మంచిది. కొబ్బరి నూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ కనిపిస్తే పక్కన పెట్టేయ్. సెంటు వాసన గుప్పుమనేది కూడా వద్దు.

నాన్ కొమెడోజెనిక్ అని రాసి ఉంటుంది చాలావాటి మీద, రంధ్రాలు మూయదని దాని అర్థం. ఉంటే మంచిదే, కానీ అదొక్కటే చూసి నమ్మేయకు, ఆ మాట వేయడానికి ఒకే రకమైన పరీక్షంటూ ఏ చట్టంలోనూ లేదు. కొనగానే ముఖమంతా పూయకుండా ఐదారు రోజులు దవడ కింద ఒక్క చోట రాసి చూడు.

రాసే పద్ధతి కూడా ముఖ్యం. ముఖం తువ్వాలుతో అద్దుకున్నాక, ఇంకా కొంచెం తేమగా ఉండగానే, పెద్ద శనగగింజంత తీసుకుని ఐదు చోట్ల చుక్కలు పెట్టి చేత్తో పరుచు. నిమిషం తర్వాత వేలు ఆనిస్తే జారకూడదు, అతుక్కోకూడదు, ఉత్త చర్మం తాకినట్టు ఉండాలి. జిగురుగా ఉందంటే ఎక్కువ రాశావు, లేదా అది నీకు సరిపడేది కాదు. మంచి జెల్ చిన్న ట్యూబ్ 300 లోపు చాలా దొరుకుతాయి, నెల పైనే వస్తుంది.

ఆ మెడికల్ షాపు క్రీము సంగతి మాత్రం నాకు భయంగా ఉంది. ఈ విషయం తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి.


కౌంటర్_వెనక:

అమ్మా, నేను ఫార్మసిస్టుని, గుంటూరులో 14 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మాయిశ్చరైజర్ గురించి పైన గోదారి గట్టు గారు చక్కగా చెప్పారు. నాకు మాత్రం నీ పోస్టులో చివర్న రాసిన ఆ క్రీము గురించే తొందరగా తెలియాలి. వారంలో మొటిమలు అణిగాయి, రంగు తేలింది, ఆపగానే రెట్టింపు వచ్చాయి, ఎండకి మంట. ఈ నాలుగూ కలిసి వచ్చాయంటే నాకు ఒక్కటే అనుమానం.

ఖాళీ ట్యూబ్ ఉంటే వెతుకు. చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదివి ఇక్కడ రాయి. బ్రాండ్ పేరు అక్కర్లేదు. మోమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏదైనా ఉందా? హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ ఉన్నాయా? ఆర్‌ఎక్స్ అనే గుర్తు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మరాదన్న మాట ఉన్నాయా?

అప్పటిదాకా ఇంకో ట్యూబ్ కొనొద్దు. అదొక్కటి నా మాట విను.


తెనాలి_అమ్మాయి:

అక్కా, చాలా థాంక్స్. కొళాయి చుట్టూ తెల్లగా గట్టిపడి ఉంది, మీరు చెప్పింది నిజమే, బకెట్ అంచున కూడా.

అన్నయ్యా, ట్యూబ్ ట్రావెల్ బ్యాగ్ జేబులో దొరికింది. నొక్కీ నొక్కీ మధ్యలో రేకు చిట్లిపోయింది కానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటాసోన్ ఫ్యూరోయేట్ అని మూడు పేర్లున్నాయి. మీరు చెప్పినవే. ఆర్‌ఎక్స్ కూడా ఉంది. నన్ను చీటీ ఎవరూ అడగలేదు. ఇప్పుడు నా ముఖం పాడైపోయినట్టేనా? రాత్రి నుంచి నిద్ర పట్టలేదు.


కౌంటర్_వెనక:

పాడైపోలేదమ్మా, ముందు ఆ భయం తీసెయ్. రెండు నెలలకే పట్టుకున్నాం, ఏళ్ల తరబడి వాడినవాళ్లని చూశాను నేను.

ఆ మూడూ కలిసిన క్రీము మంగు మచ్చలకి చర్మ డాక్టర్లు కొన్ని వారాలకి, వాళ్ల కంటి ముందు ఉంచుకుని రాసేది. మొటిమలకి ఇచ్చేది కాదు. అందులో మోమెటాసోన్ స్టెరాయిడ్. స్టెరాయిడ్ వాపుని, ఎరుపుని అణిచేస్తుంది, అందుకే మొదటి వారం అద్భుతంలా కనిపిస్తుంది. హైడ్రోక్వినోన్ రంగు తగ్గిస్తుంది, అందుకే తెల్లబడ్డావు. వాడేకొద్దీ స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, సన్నటి ఎర్ర నరాలు తేలేలా చేస్తుంది, తనే కొత్త మొటిమలు పుట్టిస్తుంది. ఆపితే చర్మం ఎదురు తిరుగుతుంది, మంట, ఎరుపు, గుంపుగా మొటిమలు. అది తట్టుకోలేక మళ్లీ కొంటారు, మళ్లీ వారంలో అణుగుతుంది, అలా చర్మం దానికి అలవాటుపడిపోతుంది. మన దేశంలో ఇది ఎంత ఎక్కువంటే చర్మ డాక్టర్లు దీనికి టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్ అని పేరే పెట్టారు, వాళ్ల సంఘం ఐఏడీవీఎల్ దీనిమీద ఏళ్లుగా ప్రచారం చేస్తోంది. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములని చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా కౌంటర్ మీద అడిగితే ఇచ్చేస్తున్నారు. మా వృత్తిలో ఉన్నవాళ్లే ఇలా చేస్తున్నారంటే నాకు మనసుకి చాలా కష్టంగా ఉంటుంది. రోజుకి ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి ఖాళీ ట్యూబులు పట్టుకుని వస్తారు, తెల్లబడే క్రీము అని పేరు పెట్టి అడుగుతారు. ఇవ్వనంటే పక్క షాపుకి వెళ్తారు.

నువ్వు చేయాల్సింది ఈ వారంలోనే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లడం. బ్యూటీ పార్లర్ కాదు, స్కిన్ క్లినిక్ అని బోర్డున్న ప్రతి చోటూ కాదు, డెర్మటాలజీలో (డీవీఎల్ అని కూడా రాస్తారు) ఎండీ గానీ డీడీవీఎల్ డిప్లొమా గానీ చేసినవాళ్లు. డబ్బు ఇబ్బందైతే ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీకి వెళ్లు, అక్కడ రోజూ ఇలాంటి కేసులే చూస్తారు కాబట్టి చేయి తిరిగినవాళ్లు ఉంటారు. ఆ ట్యూబ్ పారేయకుండా తీసుకెళ్లి చూపించు. ఎన్ని రోజులు వాడావో, ఎప్పుడు ఆపావో చెప్పు. నెలసరి సరిగ్గా వస్తోందో లేదో అడుగుతారు, సిగ్గుపడకుండా చెప్పు. గడ్డం, దవడ మీద మొటిమలు, నెలసరి తప్పడం, ముఖం మీద వెంట్రుకలు పెరగడం కలిసి ఉంటే పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) ఏమోనని చూడాల్సి ఉంటుంది.

డాక్టర్ని కలిసేదాకా మెత్తని క్లెన్సర్, వాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. ఈ మూడు తప్ప ముఖానికి ఏదీ తాకించకు. ఏ యాసిడ్, ఏ సీరమ్ వద్దు.


టెక్సాస్_తమ్ముడు:

అక్కా, నేను ఖమ్మం వాణ్ని, ప్రస్తుతం డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నా. నాకు స్టెరాయిడ్ గొడవ లేదు కానీ మొటిమల మందు విషయంలో చేసిన తప్పు చెప్తాను, డాక్టర్ మీకు అలాంటిదే రాస్తే పనికొస్తుంది.

ఇక్కడ అడాపలీన్ 0.1 శాతం జెల్ 2016 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. అది రెటినాయిడ్, అంటే విటమిన్ ఎ రకం మందు, రంధ్రాలు మూసుకుపోకుండా చూస్తుంది, నిజంగా పనిచేసే మందు. నేను ఏమీ చదవకుండా తెచ్చుకుని మొదటి రోజు నుంచే, ఉన్న ఒక్కో మొటిమ మీదా దట్టంగా పూశాను. పది రోజులకి నోటి మూలలు చిట్లిపోయి పచ్చడి మెతుకు తింటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. తర్వాత యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో డాక్టర్ చెప్పారు, అది మొటిమ మీద చుక్క పెట్టే మందు కాదు, మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాసేది, ముఖం మొత్తానికి బఠానీ గింజంత చాలు, మొదట్లో మూడు రాత్రులకి ఒకసారి. ముందు మాయిశ్చరైజర్, పది నిమిషాలాగి మందు, దానిమీద మళ్లీ మాయిశ్చరైజర్. అలా చేశాక మంట పోయింది. మాయిశ్చరైజర్ లేకపోతే నేను ఆ మందు రెండో వారంలోనే పారేసేవాణ్ని.

ఫలితం కనిపించడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. మధ్యలో మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఇంకా పెరిగాయి. ఇది చెప్పకపోతే మీరు భయపడి మానేస్తారు. ఇండియాలో అది చీటీ మందే, కాబట్టి ఎవరితోనైనా ఇక్కడి నుంచి తెప్పించుకోవాలని చూడకండి, అక్కడే డాక్టర్ రాస్తే చవగ్గా దొరుకుతుంది. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు దాన్ని వాడకూడదు.

డాక్టర్ బెంజాయిల్ పెరాక్సైడ్ (మొటిమల క్రిములని చంపే మందు) రాసిస్తే మాత్రం 2.5 శాతం అడగండి. 10 శాతం అంటే నాలుగు రెట్లు బాగా పనిచేస్తుందని కాదు, మంట మాత్రం ఎక్కువ. ఇంకో సంగతి, అది బట్టల రంగు తినేస్తుంది. అమ్మ ప్రేమగా కట్టి ఇచ్చిన నీలం దిండు గలీబు మీద నా చెంప ఆకారంలో తెల్లటి మచ్చ పడింది. తెల్ల తువ్వాలు, తెల్ల గలీబు వాడండి.

వాతావరణం గురించి కూడా. ఇక్కడ జనవరిలో గదిలో హీటర్ వేస్తే గాలి ఎండిపోతుంది, జెల్ ఒక్కటే సరిపోక లోషన్‌కి మారాను. మీరు పగలంతా ఏసీలో కూర్చుంటారు కాబట్టి తెనాలిలో సరిపోయింది ఆఫీసులో సరిపోకపోవచ్చు.


విశాఖ_అమ్మ:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయికి 17, ఇంటర్ రెండో సంవత్సరం. నుదుటి మీద, జుట్టు మొదలయ్యే చోట సన్నటి గుల్లలు చెమటకాయల్లా వరసగా ఉన్నాయి, గడ్డం, బుగ్గలు శుభ్రంగానే ఉన్నాయి. మాది సముద్రం పక్క, ఎప్పుడూ చెమటే. రోజూ తలకి కొబ్బరి నూనె పెట్టి పంపుతాను, చిన్నప్పటి నుంచి అలవాటు. పైగా ఈ మధ్య జిమ్‌లో చేరి ప్రోటీన్ పౌడర్ తాగుతున్నాడు. వీడికి కూడా ఈ జెల్ మాయిశ్చరైజరేనా? వీడు ముఖానికి ఏదైనా రాయమంటే ఆడపిల్లలు రాసుకునేవి నాకెందుకంటాడు.


గోదారి_గట్టు:

అమ్మా, ఏమీ అనుకోం, అడగండి. మా తమ్ముడికి అచ్చం ఇలాగే ఉండేది. ముందు కొబ్బరి నూనె చూడండి. తలకి పెట్టింది చెమటతో కలిసి నుదుటి మీదికి దిగుతుంది, రంధ్రాలు మూసే నూనెల్లో కొబ్బరి నూనె పేరు ముందే ఉంటుంది. పూర్తిగా మానమని చెప్పను, తలస్నానానికి గంట ముందు పెట్టి కడిగేయండి, రోజంతా ఉంచొద్దు. దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి, పాత నూనంతా దానిలోనే ఉంటుంది. మా తమ్ముడికి ఈ రెండింటితోనే నెలన్నరలో సగం తగ్గాయి.

ఆ గుల్లలు దురద పెడుతున్నాయా, అన్నీ ఒకే సైజులో ఉన్నాయా, ఛాతీ మీద, వీపు మీద కూడా ఉన్నాయా? ఉంటే అవి మొటిమలు కాకుండా చర్మం మీద ఉండే ఒక రకం ఫంగస్ వల్ల వచ్చినవి కావొచ్చు. చెమట ఎక్కువ పట్టే మన కోస్తాలో బాగా కనిపిస్తాయి. వాటికి మొటిమల మందు పనిచేయదు, ఫంగస్ మందు కావాలి, డాక్టర్‌కి చూపించి తేల్చుకోండి. వే ప్రోటీన్‌తో కొంతమందికి మొటిమలు పెరుగుతాయి, ఒక నెల ఆపి గుడ్లు, పప్పు పెట్టి చూడండి. విశాఖ ఉక్కకి రాత్రి ఒక్కసారి పలచని జెల్ చాలు. వాడితో మాయిశ్చరైజర్ అనకండి, మొటిమల మందు మంట పుట్టకుండా ఉండటానికి ముందు రాసేది అని చెప్పండి, రాసుకుంటాడు. అది అబద్ధం కూడా కాదు.


తెనాలి_అమ్మాయి:

దాదాపు తొమ్మిది వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి క్షమించండి.

అన్నయ్య చెప్పిన వారంలోనే ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగానికి వెళ్లా. పొద్దున ఏడున్నరకి లైన్లో నిలబడితే పదిన్నరకి లోపలికి పంపారు. మేడమ్ ట్యూబ్ చూడగానే బల్ల సొరుగు లాగి చూపించారు, అందులో ఇలాంటివే పదిహేను ఇరవై ఖాళీ ట్యూబులు, వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని పెట్టుకున్నారట. తిట్టలేదు. ఎవరిచ్చారు, ఎన్నాళ్లు వాడావు అని మెల్లగా అడిగారు. అప్పటిదాకా ఆపుకున్నా, అక్కడ ఏడుపు వచ్చేసింది.

నెలసరి సరిగ్గానే ఉంది కాబట్టి టెస్టులు ప్రస్తుతం వద్దన్నారు. కొన్ని వారాలకి మాత్రలు ఇచ్చారు. అవి నా ముఖం చూసి రాసినవి కాబట్టి పేర్లు ఇక్కడ పెట్టను. మొదటి నెల క్లెన్సర్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ తప్ప ఏమీ రాయొద్దన్నారు. రెండు, మూడో వారాలు నరకం. ముఖమంతా ఎర్రగా, చీము మొటిమలు, రాత్రిళ్లు మంట. పాత క్రీము ఒక్కసారి రాస్తే రేపటికి తగ్గిపోతుంది కదా అని చాలాసార్లు అనిపించింది, ఒకరోజు షాపు మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చేశా. ఆ రాత్రి ఈ పోస్టు మొత్తం మళ్లీ చదువుకున్నా. ఐదో వారం నుంచి మంట తగ్గింది. పోయిన నెల అడాపలీన్ మొదలుపెట్టారు, తమ్ముడు చెప్పినట్టే ముందొకసారి, తర్వాతొకసారి మాయిశ్చరైజర్ రాస్తున్నా, పొట్టు లేవలేదు.

మాయిశ్చరైజర్ నాలుగో రకానికి కుదిరింది. మొదటిది వాసన, రెండోది జిగురు, మూడోది కళ్లు మండించింది. ఇప్పుడున్నది 260 రూపాయల జెల్ క్రీము, పట్టికలో నీళ్ల తర్వాత రెండో పేరే గ్లిజరిన్. ముఖం రెండుసార్లే కడుగుతున్నా. మధ్యాహ్నం ఒంటిగంటకి ముక్కు ఇంకా మెరుస్తుంది, అది పోలేదు. కానీ కడిగాక బిగుసుకుపోవడం పోయింది, అమ్మతో ఫోన్లో నవ్వితే చర్మం లాగడం లేదు. గోధుమ రంగు మచ్చలు ఉన్నాయి, నెలలు పడుతుందని, సన్‌స్క్రీన్ మానితే ఇంకా ఆలస్యమవుతుందని మేడమ్ ముందే చెప్పారు. అమ్మ శెనగపిండి ఇప్పుడు చేతులకి రాసుకుంటోంది, నాకు రాయమనడం లేదు. సోమవారం మీటింగ్‌లో వీడియో ఆన్ చేశా.

ఒక చిన్న సందేహం మిగిలింది. సన్‌స్క్రీన్ రాసి హెల్మెట్ పెట్టుకుంటే పట్టీ కింద తెల్లగా నలకలు నలకలుగా ఉండ కడుతోంది, ఏం చేయాలి?


కౌంటర్_వెనక:

చాలా సంతోషమమ్మా. మాయిశ్చరైజర్ బాగా ఇంకాకే సన్‌స్క్రీన్ రాయి, కనీసం పది నిమిషాలు ఆగు, రుద్దకుండా అద్దు. పట్టీకి మెత్తని నూలు గుడ్డ చుట్టి రోజూ ఉతుకు, గడ్డం మీద ఒరిపిడి కూడా తగ్గుతుంది, అక్కడ మొటిమలకి సగం కారణం అదే. అప్పటికీ ఉండ కడుతుంటే సన్‌స్క్రీన్ మార్చు, జెల్ రకం చూడు, ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గకుండా.